వాగు అవతలి ఉప్పునేల

అనగనగా ఒక అడవి అని మొదలుపెడితే ఈ కథ నడవదు. దీనికి రెండు అడవులు కావాలి. మధ్యలో ఒక వాగు ఉండాలి. వాగుకి ఇవతలిది ఇప్పలకోన. అవతలిది మద్దికోన. ఇక్కడ ఇప్పచెట్లు ఎక్కువ, అక్కడ మద్దిచెట్లు ఎక్కువ. అంతకుమించి తేడా ఏమీ లేదు. ఇక్కడా దుప్పులే, అక్కడా దుప్పులే. ఇక్కడా పందులే, అక్కడా పందులే. సరిగ్గా కూర్చోండి మరి. కథ మధ్యలో ఒకరినొకరు గిల్లుకున్నారంటే ఊరుకోను.

మద్దికోనలో ఒక ఉప్పునేల ఉండేది. అక్కడి తెల్లమన్ను నాకితే ఉప్పగా ఉంటుంది. గడ్డి తినే జంతువులకు ఆ ఉప్పు కావాలి. అది లేకపోతే తల్లులకు పాలు పల్చబడతాయి. పిల్లల కాళ్ళు నిలబడవు. ఇప్పలకోనలో అలాంటి నేల లేదు. అందుకని ఎండాకాలం రాగానే ఇవతలి తల్లులు వాగు దాటి వెళ్ళి నాకి వచ్చేవాళ్ళు. ఇప్పపూలు రాలే రోజుల్లో అవతలి వాళ్ళు ఇటొచ్చి కడుపునిండా పూలు తిని పోయేవాళ్ళు. ఈ రాకపోకలు ఎవరి తాతల కాలంలో మొదలయ్యాయో ఎవరికీ తెలియదు. మాట మీద నడిచిపోయాయి.

ఇద్దరికీ దేవుడు కూడా ఒకడే. వానదేవుడు. వాగు పుట్టే చోట మబ్బులగుట్ట ఉంది. మొదటి మబ్బు ఆ గుట్ట మీదే ఆగుతుంది కాబట్టి దేవుడు అక్కడే ఉంటాడని రెండు అడవులూ నమ్మేవి. వానాకాలం ముందు రెండు చోట్లా మొక్కు జరిగేది. ఒకరి మొక్కుకు ఇంకొకరు ఒక రాయబారిని పంపడం మర్యాద. ఇప్పలకోన తరఫున ఎన్నో ఏళ్ళు ఒక ముసలి తాబేలు వెళ్ళి వచ్చేది. అక్కడ ఏం చూశావని దాన్ని ఎవరూ అడిగేవారు కాదు. ఆ ఏడు తాబేలు చచ్చిపోయింది. కొత్త రాయబారిగా తోకన్న అనే కొండముచ్చును పంపారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇప్పలకోన వాళ్ళు మొక్కేటప్పుడు గుట్టవైపు తిరిగి, తల ఎత్తి, కళ్ళు తెరిచి నిలబడతారు. గుట్టకు వీపు తిప్పి నిలబడేది దొంగ ఒక్కడే. ఎవరైనా పక్కవాళ్ళ మేత దొంగిలించి దొరికితే మొక్కు రోజున వాణ్ణి అలా నిలబెడతారు. అదే అక్కడి శిక్ష. అంతకంటే పెద్ద సిగ్గు వాళ్ళకు లేదు.

తోకన్న మద్దికోనకు వెళ్ళాడు. వాళ్ళు అతన్ని ఆదరంగా తీసుకెళ్ళి, గుట్టకు దగ్గరగా ఉన్న ఒక రాతి మీద నిలబెట్టారు. మొక్కు మొదలైంది. అంతే, ఉన్నట్టుండి మద్దికోన మొత్తం గుట్టకు వీపు తిప్పేసింది. గుట్ట ముందు తోకన్న ఉన్నాడు కాబట్టి అతనికీ వీపే చూపించింది. దుప్పులు, పందులు, కుందేళ్ళు, పసిపిల్లలతో సహా అందరూ తల వంచి కళ్ళు మూసుకున్నారు.  ఈ అడవిలో అందరూ దొంగలా ఏమిటి అని తోకన్న అనుకున్నాడు. ఇలా ఎందుకు చేశారని ఒక్కరినైనా అడగొచ్చు కదా. అడగలేదు. పెట్టిన పళ్ళు కూడా ముట్టకుండా వాగు దాటి వచ్చేశాడు.

ఇప్పలకోన రాజు ఒక అడవిదున్న. పేరు కొమ్మురాజు. పూజారి ఒక నెమలి. పేరు పింఛాలయ్య. మబ్బు పట్టిందని ముందుగా అరిచేది నెమలే కాబట్టి ఆ పని దానికి దక్కింది. తోకన్న వచ్చి జరిగింది చెప్పాడు. రాజు నెమరు వేస్తూ విని, పోనీలే, ఎవరి ఆచారం వాళ్ళది అన్నాడు. చూశారా, కథ అక్కడే అయిపోవాలి. మనం అన్నాలు తిని పడుకోవచ్చు. కానీ పింఛాలయ్య ఊరుకుంటేగా!

ఆ ఏడు ఇప్పలకోనలో గడ్డి తక్కువ. ఉన్న కాస్త పచ్చగడ్డి వాగు ఒడ్డున ఉంది. రాజు దాన్ని తన దున్నల మందకు ఇచ్చేశాడు. మిగతావాళ్ళు రోజూ వచ్చి గొణుగుతున్నారు. పింఛాలయ్య రాజు చెవి దగ్గరికి జరిగాడు.

"రాజా, అందరూ గడ్డి గురించి అడుగుతున్నారు కదా. రేపటి నుంచి దేవుడి గురించి అడగనివ్వండి. అప్పుడు గడ్డి ఎవరికీ గుర్తుండదు" అన్నాడు.

రాజు నెమరు వేయడం ఆపాడు.

మర్నాడు సభ పెట్టారు. పింఛాలయ్య పింఛం విప్పి నిలబడ్డాడు. అవతలి వాళ్ళు మన రాయబారికి వీపు చూపించినా భరించేవాళ్ళమని, కానీ వానదేవుడికే చూపించారని, ఇక వాళ్ళతో పొత్తు పెట్టుకుంటే మన మీద కూడా వాన పడదని చెప్పాడు. అతని గొంతు పెద్దది. అయ్యో, అపచారం అని సభ అంతా ఒక్కసారి లేచింది. గోరంత దాన్ని కొండంత చేయడానికి పెద్ద గొంతు ఒక్కటి చాలు.

రాజు మూడు ఆజ్ఞలు ఇచ్చాడు. ఒకటి, ఎవరూ అవతలి ఉప్పు నాకకూడదు. రెండు, ఎవరూ వాగు దాటకూడదు, అవతల చుట్టాలున్నా పలకరించకూడదు. మూడోది వినండి. మొదటి ఉరుము ఉరిమిన రోజున కొమ్ములున్న వాళ్ళందరూ అవతలికి వెళ్ళి, మద్దికోన వాళ్ళను కొమ్ములతో పొడిచైనా సరే గుట్టవైపు తిప్పాలి. దేవుడు తిప్పమన్నాడా? లేదు. దేవుడు తన గుట్ట మీద తాను ఉన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ అడవిలో పూసలమ్మ అనే చుక్కల దుప్పి ఉండేది. ఆమెకు ఆ ఏడే బిడ్డ పుట్టింది. పక్క పొదలో ఎర్రమ్మ అనే మనుబోతు, అంటే దుప్పికంటే పెద్ద జింక, ఉండేది. ఆమెకూ పసిబిడ్డ ఉంది. ఇద్దరూ అక్కా, చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు. ఆజ్ఞ వచ్చిన పదో రోజుకి ఇద్దరికీ పాలు పల్చబడ్డాయి. పూసలమ్మ బిడ్డ లేచి నిలబడబోయి ముందుకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. తల్లి మూతితో ఎత్తితే నిలబడుతుంది, మూతి తీస్తే పడిపోతుంది. మీరు నవ్వకండి. అది నవ్వే విషయం కాదు.

పూసలమ్మ ముందు తోకన్న దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు వీపు ఎందుకు తిప్పారో అడిగావా అని నిలదీసింది. అడిగితే, ఇంత కూడా తెలియదా అనుకుంటారని భయమేసి అడగలేదని తోకన్న చెట్టు మీద నుంచి చెప్పాడు. తర్వాత పింఛాలయ్య దగ్గరికి వెళ్ళింది. కష్టం వచ్చిందంటే దేవుడు పరీక్షిస్తున్నాడని అర్థం, ఓర్చుకున్న తల్లికి పుణ్యం వస్తుందని అతను చెప్పాడు. పుణ్యం తాగితే బిడ్డ కడుపు నిండుతుందా అని అడిగి వచ్చేసింది. చివరికి రాజు దగ్గరికి వెళ్ళింది. తనకూ జాలిగానే ఉందని, కానీ ఇది ధర్మానికి సంబంధించిన విషయం కాబట్టి తన చేతుల్లో లేదని రాజు అన్నాడు. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు మాత్రం అన్నీ ఆయన చేతుల్లోనే ఉన్నాయి! నాకైతే ఇక్కడికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోతుంది.

పూసలమ్మకు కూడా మండింది. అందరికీ వినపడేలా, వాగు దాటుతున్నానని చెప్పింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చుట్టుపక్కల వాళ్ళు మూతి తిప్పుకున్నారు. ఎర్రమ్మ మాత్రం ఏడ్చింది. వద్దు చెల్లీ, దేవుడికి కోపం వస్తే బిడ్డల మీదే పడుతుంది అని బతిమాలింది. నువ్వూ రా అక్కా అని పూసలమ్మ పిలిచింది. ఎర్రమ్మ రాలేదు.

దొంగచాటుగా వెళ్ళొచ్చు కదా అంటారేమో. పూసలమ్మ ఎర్రటి ఎండలో, అందరూ చూస్తుండగా వెళ్ళింది. వాగు ఒడ్డున రెండు అడవిపందులు కాపలా ఉన్నాయి. కోరలు చూపించి ఆగమన్నాయి.

"నా బిడ్డ కాళ్ళు నిలబడటం లేదు. నేను ఉప్పుకి పోతున్నాను. పొడిచేదుంటే ఇక్కడే పొడవండి. వెనక్కి మాత్రం పోను" అంది పూసలమ్మ.

పందులు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. వాటికీ ఇంట్లో పిల్లలున్నారు. ఒక పందికి ఉన్నట్టుండి చెట్టు మొదట్లో దుంప కనిపించింది. రెండోది ఆ దుంప తవ్వడానికి సాయం వెళ్ళింది. పూసలమ్మ వాగులో దిగింది.

అవతల గట్టు ఎక్కగానే మద్దికోన వాళ్ళు చుట్టుముట్టారు. శత్రువు వచ్చింది, పట్టుకోండి అని ఒకటే గోల. అక్కడా ఒక పింఛాలయ్య ఉన్నాడులెండి. పేరు వేరు, గొంతు అదే. ఇప్పలకోన వాళ్ళు పాపిష్టి వాళ్ళని అతను కూడా రోజూ చెబుతున్నాడు. అప్పుడు గుంపులోంచి ఒక ముసలి ముళ్ళపంది ముందుకు వచ్చింది. ఆమెను అందరూ ముళ్ళవ్వ అంటారు. ఆమె ముళ్ళు విదిలిస్తే గుంపు రెండడుగులు వెనక్కి జరిగింది. పొదుగు పాలతో పొత్తిళ్ళలోని బిడ్డను వదిలి వచ్చిన తల్లి ఏ యుద్ధం చేయడానికి వస్తుందర్రా అని గుంపును కసిరింది. ముందు ఉప్పు నాకనిచ్చింది. ఆ తర్వాతే మాట్లాడింది.

మీ వాళ్ళు దేవుడి కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తారట కదా, మా దగ్గర అలా చూసేది కొట్లాటకు దిగేవాడే, మీకు భయం లేదా అని అడిగింది ముళ్ళవ్వ. పూసలమ్మ తెల్లబోయింది. మేము ఏదీ దాచుకోలేదని చూపించడానికే కళ్ళు తెరిచి నిలబడతామని చెప్పింది. మరి మీరు దొంగల్లాగా వీపు ఎందుకు తిప్పుతారని అడిగింది.

ముళ్ళవ్వ ఆ మాటకు కోప్పడలేదు. ఆమె చెప్పింది ఇదీ.

"మనం గడ్డి తినేవాళ్ళం తల్లీ. పులి వచ్చేది వెనక నుంచే. మనం బతికున్నంత కాలం చెవులు వెనక్కి పెట్టుకునే మేస్తాం. ఎవరినీ నమ్మి వీపు ఇవ్వం. ఏడాదికి ఒక్కరోజు దేవుణ్ణి నమ్మి ఇస్తాం. ఆయన వెనక ఉన్నాడు, ఇక మనకు భయం లేదు అని కళ్ళు మూసుకుంటాం. మీ రాయబారిని కూడా ఆయన పక్కనే నిలబెట్టాం. మా పసిపిల్లల వీపులు కూడా అతనికి అప్పగించాం. అంతకంటే మర్యాద ఎలా చేయాలో మాకు తెలియదు."

 దుప్పికి ఆ మాట ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి పూసలమ్మ చెవులు వెనక్కే ఉన్నాయి.

మూడు రోజులు అలా వాగు దాటి వెళ్ళి వచ్చింది. పాలు చిక్కబడ్డాయి. నాలుగో రోజు పొద్దున బిడ్డ దానంతట అదే లేచి నిలబడింది. పూసలమ్మ తను విన్నదంతా కనిపించిన వాళ్ళకల్లా చెప్పింది. కొందరు విన్నారు. కొందరు విననట్టు నటించారు. ఆ సాయంత్రం పూసలమ్మ మూతికి ఉప్పునేల తడిమన్ను పూసుకుని వచ్చి, ఇది నాకి చూడక్కా, నీ బిడ్డకు పాలు పడతాయి అని ఎర్రమ్మ ముందు నిలబడింది. ఎర్రమ్మ ఆ మన్ను వైపు చూసింది. ఆమె నాలుక కూడా బయటికి వచ్చింది. కానీ పింఛాలయ్య మాట గుర్తొచ్చి ముఖం తిప్పేసుకుంది. అయిదో రోజున ఎర్రమ్మ బిడ్డ పడుకున్న చోటి నుంచి లేవలేదు. ఎర్రమ్మ సాయంత్రం దాకా దాన్ని మూతితో ఎత్తుతూనే ఉంది.

ఇంకో వారానికి మొదటి ఉరుము ఉరిమింది. దున్నలు, దుప్పిపోతులు చెట్లకు రాసి రాసి కొమ్ములు పదును పెట్టుకుని వాగు ఒడ్డుకు చేరాయి. అడవి అంతా అక్కడే ఉంది. యుద్ధానికి ముందు ఇంటిదొంగ సంగతి తేల్చాలని పింఛాలయ్య అన్నాడు. పూసలమ్మను ముందుకు పిలిచారు. మద్దికోన వాళ్ళు మన దేవుణ్ణి అవమానించారు అని మూడుసార్లు గట్టిగా చెబితే క్షమిస్తానని రాజు అన్నాడు. చెప్పకపోతే దొంగలాగా గుట్టకు వీపు తిప్పి నిలబడాలి.

"అబద్ధం ఒక్కసారి కూడా చెప్పను" అంది పూసలమ్మ. తనంతట తానే గుట్టకు వీపు తిప్పి, రాజుకు ఎదురుగా నిలబడింది. "రాజా, వాన ఎప్పుడైనా వాగు ఇవతలే పడి అవతల ఆగిందా? వాళ్ళ మొక్కు తప్పైతే వాళ్ళ చెట్లు ఎందుకు పచ్చగా ఉన్నాయి? దేవుడికి వాళ్ళ మీద లేని కోపం మీకెందుకు? వీపు ఎందుకు తిప్పారో మీరు ఎవరైనా వెళ్ళి అడిగారా? నేను అడిగాను. పోనీ నా మాట నమ్మొద్దు. వాగు ఇక్కడే ఉంది. ఈ కొమ్ములన్నీ ఇక్కడ వదిలి, మీరొక్కరే వెళ్ళి అడిగి రండి."

రాజు వాగు వైపు చూశాడు. తర్వాత పూజారి వైపు చూశాడు. వెళ్తానని మాత్రం అనలేదు. దేవుడితో వాదిస్తుంది, ఈమె మాట విన్నవాళ్ళ బిడ్డలు బతకరు అని పింఛాలయ్య అరిచాడు.

చూశారా, అంత మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారితే తీసుకోలేం. గుంపు వెనక నుంచి ఎర్రమ్మ నడుచుకుంటూ వచ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ దారి ఇచ్చారు. ఆమె రాజు ముందు ఆగింది. గొంతు పెంచలేదు.

"నేను మీ మాట విన్నాను. నా బిడ్డ చచ్చిపోయింది. ఈ పూసలమ్మ వినలేదు. దీని బిడ్డ అదిగో, గంతులేస్తోంది. ఇంకా నేనేం వినాలో చెప్పండి."

 పింఛాలయ్య పింఛం విప్పాడు కానీ ఎవరూ అటు చూడలేదు. ఎర్రమ్మ పూసలమ్మ పక్క నుంచి వాగులో దిగింది. పూసలమ్మ బిడ్డను తీసుకుని వెనకే దిగింది. వాళ్ళను ఆపండి అని రాజు కాపలా పందులకు సైగ చేశాడు. పందులు పిల్లల్ని వెంటేసుకుని వాగులో దిగాయి. ఒక కుందేలు, తర్వాత ఇంకో దుప్పి, తర్వాత అయిదారుగురు తల్లులు, ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక లేనంత మంది. పదును పెట్టుకున్న కొమ్ముల పక్క నుంచే వెళ్ళారు. ఆ కొమ్ముల వాళ్ళు ఏం చేస్తారు? వెళ్ళేవాళ్ళు వాళ్ళ అమ్మలు, అక్కలు, పెళ్ళాలు. కాసేపు అలాగే నిలబడి, తలలు దించుకుని, వాళ్ళు కూడా నీళ్ళలో దిగారు. చివరికి రాజు సొంత మందలోని దున్నలు కూడా వెళ్ళాయి.

అవతలి గట్టు మీద మద్దికోన వాళ్ళు భయంతో గుమిగూడి ఉన్నారు. వచ్చేది తల్లులూ పిల్లలూ అని చూసి పక్కకు జరిగారు. తోకన్న కూడా చెట్టు దిగి వెళ్ళాడు. ముళ్ళవ్వ దగ్గర కూర్చుని, ముందే అడిగి ఉండాల్సింది అవ్వా అని తల గోక్కున్నాడు. అవును, ఉండాల్సింది అందామె. ఓదార్చలేదు.

ఇవతల రాజూ పూజారీ ఇద్దరే మిగిలారు. యుద్ధం జరగలేదు. ఇద్దరితో యుద్ధం ఏం జరుగుతుంది?

ఉప్పునేల దగ్గర ఆ రోజు తొక్కిసలాట. తల్లులు పిల్లల్ని తోసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ నాకుతున్నారు. అందరికన్నా ముందు వాగు దాటింది ఎర్రమ్మే. నీరసంగా ఉన్న పిల్లల్ని మూతితో ముందుకు నెట్టి చోటు ఇప్పించింది. పూసలమ్మ వచ్చి, నువ్వు కూడా రా అక్కా, ఉప్పు నాకుదాం అని పిలిచింది. ఎర్రమ్మ తల అడ్డంగా ఊపింది. పాలు తాగే బిడ్డ లేనప్పుడు ఉప్పెందుకు అంది.

నీతి: దేవుడి పేరు చెప్పి పొరుగువాడితో పగ పెట్టుకోమంటే, చెప్పింది రాజైనా పూజారైనా సరే, ముందు వాగు దాటి వెళ్ళి అడిగి రండి, అడగకుండా తల ఊపితే నష్టపోయేది వాళ్ళు కాదు, మన పిల్లలు.